వీడియో గేమ్ తయారీతో ప్రోగ్రామింగ్ చదువు: తేలినవి, తేలనివి

పైనుంచి మామిడికాయలు రాలుతుంటాయి. కింద బుట్టను అటూ ఇటూ జరిపి వాటిని పట్టుకోవాలి. పట్టుకుంటే ఒక పాయింటు, మూడు జారిపోతే ఆట ముగిసినట్టే. ప్రోగ్రామింగ్ గురించి ఏమీ తెలియని విద్యార్థి చేత కూడా కొద్ది తరగతుల్లోనే ఇలాంటి వీడియో గేమ్ చేయించవచ్చు. ఇంత చిన్న ఆటలోనే స్కోరును గుర్తుపెట్టుకునే వేరియబుల్, ఆగకుండా తిరిగే లూప్, కాయ బుట్టను తాకిందా లేదా అని చూసే షరతు, కాయ ఎక్కడినుంచి రాలాలో తేల్చే యాదృచ్ఛిక సంఖ్య వచ్చేస్తాయి. అందుకే చాలా దేశాల్లో కోడింగ్ తొలి పాఠాలు ఆటలతో మొదలవుతున్నాయి.

ఆట తయారయ్యాక ఆ విద్యార్థికి వచ్చినదేమిటన్న చోట మాత్రం విద్యావేత్తలు ఒక్క మాట మీద లేరు. ఆలోచించే తీరే మారుతుందని కొందరు అంటారు. సరదా మిగిలిందే తప్ప చదువు అంటలేదని మరికొందరి అభిప్రాయం. అరవై ఏళ్లుగా సాగుతున్న ఈ చర్చ ఇప్పుడు మన పాఠశాలల దాకా వచ్చింది కనుక దాన్ని ఒకసారి మొదటినుంచి చూసుకోవడం అవసరం.

ఒకే చర్చలో మూడు ప్రశ్నలు

చర్చ చిక్కుపడడానికి ముఖ్య కారణం, వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపి వాదించడం. మొదటిది పనిముట్టు గురించి: రంగురంగుల బ్లాకులు జతచేయించాలా, పైథాన్ లాంటి భాషలో అక్షరాలా రాయించాలా? రెండోది బోధన గురించి: పిల్లలను స్వేచ్ఛగా వదిలేయాలా, అడుగడుగునా చెప్పి చేయించాలా? మూడోది ప్రయోజనం గురించి: ఆట తయారీ నేర్పేది ప్రోగ్రామింగ్ కోసమా, గణితం కోసమా, డిజైన్ కోసమా, ఉద్యోగం కోసమా? మూడో ప్రశ్నకు జవాబు తేల్చుకోకుండా మొదటి రెండింటి మీద వాదించడం వల్లే చాలా వివాదాలు ఒక కొలిక్కి రాలేదు.

బేసిక్ నుంచి స్క్రాచ్ దాకా

1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ భాషను రూపొందించారు. సైన్సు, గణితం చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడాలన్నది వారి సంకల్పం. విద్యార్థులు త్వరలోనే ఆ భాషలో ఆటలు రాయసాగారు. అలాంటి ఆటల ప్రోగ్రాములను డేవిడ్ ఆల్ 1973లో పుస్తకంగా తెచ్చారు. 1978లో వచ్చిన దాని కొత్త కూర్పు పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. 1980ల్లో పాశ్చాత్య దేశాల ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎందరో పిల్లలు అలాంటి పుస్తకాలు, పత్రికలు చూసి ఆటలను వరుస తర్వాత వరుస టైపు చేశారు. ఒక్క కామా తప్పితే ఆట నడిచేది కాదు. దాంతో కోడ్‌ను చదవడం, తప్పు పట్టుకోవడం, తర్వాత అంకెలు మార్చి చూడడం తప్పనిసరయ్యాయి. ఎవరూ పాఠ్యప్రణాళికగా అనుకోకపోయినా అదొక బోధన క్రమం. నేటి పరిశోధకులు మళ్లీ దాని దగ్గరికే వస్తున్నారు.

1967లో లోగో భాషతో మరో పాయ మొదలైంది. వాలీ ఫోర్‌జైగ్, సేమర్ పాపర్ట్, సింథియా సోలమన్ దాని రూపకర్తలు. జెనీవాలో మనస్తత్వవేత్త పియాజే దగ్గర పనిచేసి వచ్చిన పాపర్ట్, 1980లో వెలువడిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకంలో పిల్లలు తమకు అర్థవంతమైన వస్తువును స్వయంగా తయారుచేస్తున్నప్పుడే లోతుగా నేర్చుకుంటారని వాదించారు. ఆ ఆలోచనను ఆటల మీదికి మళ్లించినవారిలో యాస్మిన్ కఫాయ్ ముఖ్యులు. నాలుగో తరగతి పిల్లలు తమకంటే చిన్నవారికి భిన్నాలు నేర్పే ఆటలను లోగోలో నెలల తరబడి తయారుచేయగా, ఆ అనుభవాన్ని విశ్లేషిస్తూ ఆమె 1995లో ‘మైండ్స్ ఇన్ ప్లే’ ప్రచురించారు. ఆడేవారి స్థానం నుంచి చేసేవారి స్థానంలోకి విద్యార్థి రావాలన్న వాదానికి ఆ పుస్తకం పునాది వేసింది.

ఈ ఉత్సాహానికి తొలి ఎదురుదెబ్బ అంతకుముందే తగిలింది. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాల పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ 1984లో లోగో నేర్చిన పిల్లలను పరిశీలించారు. ప్రోగ్రామింగ్‌తో వస్తుందన్న ప్రణాళికా నైపుణ్యం ఇతర పనుల్లో వారికి కనిపించలేదు. 1990లు వచ్చేసరికి చాలా దేశాల బడుల్లో కంప్యూటర్ పాఠమంటే టైపింగ్, ఆఫీసు ప్యాకేజీలుగా మిగిలింది. మన దేశంలోనూ అదే జరిగింది. 1984లో బీబీసీ మైక్రో యంత్రాలతో ‘క్లాస్’ పథకం ఆరంభమైనా, ప్రోగ్రామింగ్ సాధారణ విద్యార్థి చదువులో భాగం కాలేదు.

రెండో ఉప్పెన పనిముట్లతో వచ్చింది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ ఓవర్‌మార్స్ 1999లో గేమ్‌మేకర్‌ను విడుదల చేశారు. అమెరికాలో కార్నెగీ మెలన్ నుంచి అలిస్, కొలరాడో నుంచి ఏజెంట్‌షీట్స్ వచ్చాయి. 2006లో జెనెట్ వింగ్ ‘కంప్యుటేషనల్ థింకింగ్’ (కంప్యూటర్ శాస్త్రజ్ఞుల తరహా ఆలోచన) అందరికీ అవసరమని రాసిన వ్యాసం విధానకర్తలను కదిలించింది. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం బ్లాకులతో ప్రోగ్రాములు చేసే స్క్రాచ్‌ను ప్రజల ముందుకు తెచ్చింది. ఇంగ్లండ్‌లో అయితే ఆటల పరిశ్రమే నేరుగా ఒత్తిడి చేసింది. ఇయాన్ లివింగ్‌స్టన్, అలెక్స్ హోప్ 2011లో ఇచ్చిన ‘నెక్స్ట్ జెన్’ నివేదిక, మరుసటి ఏడాది రాయల్ సొసైటీ నివేదిక దారి వేయగా, 2014 నుంచి కంప్యూటింగ్ అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలోకి వచ్చింది. మన 2020 జాతీయ విద్యా విధానం మిడిల్ స్కూల్ దశలో కోడింగ్ కృత్యాలు ఉండాలని చెప్పింది. సీబీఎస్‌ఈ 2021లో ఆరో తరగతి నుంచి కోడింగ్‌ను నైపుణ్య పాఠ్యాంశంగా ప్రవేశపెట్టింది.

నాలుగు ఆలోచనా ధారలు

మొదటి ధార నిర్మాణవాదులది. పాపర్ట్, కఫాయ్, రెస్నిక్ ఈ వరసలోని వారు. పిల్లలు తాము కోరుకున్న ఆటను, తమకు తోచిన దారిలో, తోటివారి ఆటలను తీసుకుని మార్చుకుంటూ చేయాలని వీరంటారు. ఉపాధ్యాయుడు పక్కనుండి తోడ్పడాలి. పిల్లల్లో పట్టుదల పెంచడంలో, ఇది నాది అన్న భావం కలిగించడంలో ఈ ధారకు సాటి లేదు. తరగతి సమయం తక్కువగా, పిల్లల సంఖ్య ఎక్కువగా ఉన్నచోట ముందే కొంత తెలిసినవారు దూసుకుపోయి, మిగిలినవారు బొమ్మల రంగులు మార్చడం దగ్గరే ఆగిపోవడం దీని బలహీనత.

రెండో ధార క్రమబద్ధ బోధనను సమర్థిస్తుంది. 2004లో రిచర్డ్ మేయర్, 2006లో పాల్ కిర్ష్నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ రాసిన వ్యాసాలు దీనికి ఆధారం. మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచగలిగే విషయాలు కొన్నే. ఆట తయారుచేసే కొత్త విద్యార్థి భాషా నియమాలను, తర్కాన్ని, తెర మీది స్థానాలను, ఆట కథను, బొమ్మలను ఒకేసారి మోయాల్సి వస్తుంది. అందుకే ముందు పూర్తిచేసిన ఉదాహరణలు చూపి, ఒక్కో భావననూ విడిగా నేర్పాలని వీరంటారు. స్వేచ్ఛతో నేర్వడం ఫలించదనడానికి మేయర్ చూపిన ఉదాహరణల్లో లోగో ఒకటి. ఈ విమర్శకు 2007లో సిండీ హ్మెలో-సిల్వర్, ఆమె సహచరులు బదులిచ్చారు. సమస్యల ఆధారంగా సాగే మంచి బోధనలో మార్గదర్శనం పుష్కలంగా ఉంటుందని, దాన్ని గాలికి వదిలేయడంతో సమానంగా చూడకూడదని వారి వాదన.

మూడో ధార డిజైన్‌కు పెద్దపీట వేస్తుంది. ఆట అంటే నియమాల వ్యవస్థ అని, ఒక నియమం మారితే ఆడేవాడి ప్రవర్తన ఎలా మారుతుందో ఊహించడమే అసలు విద్య అని వీరు భావిస్తారు. రాబిన్ హునికే, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జుబెక్ 2004లో చెప్పిన చట్రం ఆటను మూడు పొరలుగా చూస్తుంది: నియమాలు, వాటినుంచి ఆడేటప్పుడు పుట్టే నడవడి, ఆడేవాడికి కలిగే అనుభూతి. చేసేవాడు నియమాల వైపునుంచి వస్తాడు, ఆడేవాడు అనుభూతి వైపునుంచి వస్తాడు. 2010లో వచ్చిన గేమ్‌స్టార్ మెకానిక్ అనే ఆన్‌లైన్ ఆట కోడ్ లేకుండానే డిజైన్ నేర్పడానికి ఈ దారి పట్టింది.

నాలుగో ధార ఆటను మరో పాఠ్యాంశానికి వాహనంగా వాడుతుంది. ఎమాన్యుయెల్ షాంజర్ మొదలుపెట్టి, కాథీ ఫిస్లర్, శ్రీరామ్ కృష్ణమూర్తిలతో కలిసి పెంచిన బూట్‌స్ట్రాప్ కార్యక్రమం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో విద్యార్థులందరూ ఒకే అచ్చు ఆట చేస్తారు: ఒక ఆటగాడు, ఒక లక్ష్యం, ఒక ప్రమాదం. వాటి కదలికలను బీజగణిత ప్రమేయాలుగా రాయాలి. ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది. సాధారణ ప్రోగ్రామింగ్ భాషల్లో స్కోరు పెంచాలంటే x = x + 1 అని రాస్తారు. గణితం నేర్చుకుంటున్న పిల్లవాడికి ఆ సమీకరణం అసంభవం. బూట్‌స్ట్రాప్ ఎంచుకున్న భాషలో తొలి పాఠాల్లో అలా రాసే పనే రాదు కనుక ప్రోగ్రాములోని చలరాశి, గణితంలోని చలరాశి ఒకేలా ప్రవర్తిస్తాయి. దీని రూపకర్తలు 2015లో ప్రచురించిన అధ్యయనంలో బీజగణిత పదసమస్యల సాధనలో మెరుగుదల కనిపించింది. ఇందుకు చెల్లించే మూల్యం స్వేచ్ఛ. తనకు నచ్చిన ఆట చేసే వీలు విద్యార్థికి తక్కువ.

పక్కపక్కన పెట్టి చూస్తే:

నిర్మాణవాదం: లక్ష్యం సృజన, స్వయంకృషి. బలం ఆసక్తి. లోపం ఫలితాల్లో అసమానత.

క్రమబద్ధ బోధన: లక్ష్యం ప్రోగ్రామింగ్ భావనలు. బలం అందరికీ అందడం. లోపం ఉత్సాహం సన్నగిల్లే ప్రమాదం.

డిజైన్ దారి: లక్ష్యం వ్యవస్థలను అర్థం చేసుకోవడం. బలం కంప్యూటర్ లేకుండానే మొదలుపెట్టగలగడం. లోపం కోడ్ వెనకబడడం.

పాఠ్యాంశ వాహక దారి: లక్ష్యం గణితం లేదా సైన్సు. బలం కొలవదగిన ఫలితం. లోపం ఆటలన్నీ ఒకే తీరుగా ఉండడం.

బ్లాకులా, అక్షరాలా?

బయట అందరికీ కనిపించే తగవు ఇదే. బ్లాకుల్లో అక్షరదోషాలు రావు, సరిపడని ముక్కలు అతుక్కోవు. పిల్లవాడి దృష్టి తర్కం మీదే ఉంటుంది. అయితే అవి అసలైన ప్రోగ్రామింగ్ కాదన్న భావన విద్యార్థుల్లోనే ఉంటుంది. పెద్ద ప్రోగ్రాములు రాయడానికీ అవి అనువుగా ఉండవు.

డేవిడ్ వైంట్రాప్, యూరీ విలెన్‌స్కీ ఉన్నత పాఠశాల తరగతులలో రెండింటినీ పోల్చారు. 2017లో ప్రచురించిన ఫలితాల్లో, ఐదు వారాల తర్వాత బ్లాకులతో నేర్చినవారు భావనల పరీక్షలో ముందున్నారు, వారి ఆసక్తి కూడా పెరిగింది. ఆ తర్వాత ఇరు జట్లూ పది వారాలు జావా నేర్చాక తేడా మిగల్లేదని 2019 నాటి వారి మరో వ్యాసం చెప్పింది. అంటే బ్లాకులు ఆరంభంలో సాయపడ్డాయి, తర్వాత అడ్డం పడలేదు.

వేరే కోణంలో హెచ్చరిక ఇజ్రాయెల్ నుంచి వచ్చింది. ఒర్ని మీర్‌బామ్-సాలంట్, మిషల్ అర్మోనీ, మొర్దెకాయ్ బెన్-అరి 2011లో స్క్రాచ్ విద్యార్థుల అలవాట్లను గమనించారు. ముందు ఆలోచించి పరిష్కారం వేసుకోకుండా, పనికొస్తాయనిపించిన బ్లాకులన్నీ లాగి పెట్టి చూడడం, ఒక పనిని అర్థం లేనంత చిన్న ముక్కలుగా విడగొట్టడం వారికి కనిపించింది. పనిముట్టు సులువైనంత మాత్రాన మంచి పద్ధతి దానంతటదే రాదని ఈ పరిశీలన చెబుతుంది.

నేటికి ఈ తగవు చాలావరకు చల్లబడింది. పదేళ్లు అటూ ఇటూ వయసువారికి బ్లాకులు, తర్వాత అక్షరాల భాష అన్న వరస చాలాచోట్ల స్థిరపడింది. 2015లో మొదలైన పైగేమ్ జీరో, 2019లో వచ్చిన మేక్‌కోడ్ ఆర్కేడ్ లాంటివి ఈ రెంటి మధ్య వంతెనలు. ఒక ఆటను రెండు రూపాల్లోనూ చూపే సౌకర్యం రెండోదానిలో ఉంది. మారేటప్పుడు జాగ్రత్తపడాల్సినవి చిన్న చిన్న విషయాలు. స్క్రాచ్‌లో తెర మధ్యబిందువు సున్నా, పైకి వెళ్తే సంఖ్య పెరుగుతుంది. పైగేమ్ జీరోలో పై ఎడమ మూల సున్నా, కిందికి వెళ్తే పెరుగుతుంది. ఈ తేడా ముందే చెప్పకపోతే ఎగరాల్సిన బొమ్మ కిందికి పడిపోతుంది, తప్పంతా తనదేననుకుని విద్యార్థి నిరాశపడతాడు.

ఎంత చెప్పాలి, ఎంత వదలాలి?

మొదటి రెండు ధారల మధ్య కనిపించే అగాధాన్ని గత రెండు దశాబ్దాల పరిశోధన కొంత పూడ్చింది. ఐరీన్ లీ, ఆమె సహచరులు 2011లో ‘వాడు, మార్చు, సృష్టించు’ అన్న క్రమాన్ని ప్రతిపాదించారు. విద్యార్థి ముందు సిద్ధంగా ఉన్న ఆట ఆడతాడు, తర్వాత దాని వేగం, స్కోరు, శత్రువుల సంఖ్య మారుస్తాడు, ఆ తర్వాతే సొంత ఆటకు పూనుకుంటాడు. ఇంగ్లండ్‌లో స్యూ సెంటెన్స్ రూపొందించిన ప్రిమ్ పద్ధతి దీన్ని ఇంకా విడమర్చింది. కోడ్ చూసి ఏం జరుగుతుందో ఊహించడం, నడిపించడం, పరిశోధించడం, మార్చడం, చివరికి సొంతంగా చేయడం అందులోని ఐదు మెట్లు. డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ 2006లో చూపిన అభ్యాసాల్లో కలగాపులగంగా ఇచ్చిన వరుసలను విద్యార్థి సరైన క్రమంలో పేర్చాలి. ఈ మూడింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: రాయడానికి ముందు చదవడం రావాలి.

తప్పులు దిద్దే నేర్పు విషయంలోనూ పాఠం ఇదే. డేవిడ్ క్లాహర్, షారన్ కార్వర్ 1988లో డీబగ్గింగ్ పద్ధతిని విడిగా, మెట్లుమెట్లుగా నేర్పి చూశారు. అలా నేర్చిన పిల్లలు కంప్యూటర్ లేని పనుల్లోని తప్పులను పట్టుకోవడంలోనూ మెరుగయ్యారు. అంతకు నాలుగేళ్ల ముందు పీ, కర్లాండ్‌లకు కనిపించని నైపుణ్య బదిలీ ఇక్కడ కనిపించిందంటే కారణం భాష కాదు. ఏ నైపుణ్యం రావాలో దాన్ని పనిగట్టుకుని నేర్పడమే.

ఏ ఆటతో మొదలుపెట్టాలన్నది కూడా ఇందులో భాగమే. సంఖ్యను ఊహించే ఆటలో షరతు, లూప్ చాలు. పట్టుకునే ఆటలో ఢీకొనడం, యాదృచ్ఛికత కలుస్తాయి. 1972 నాటి పాంగ్ తరహా ఆటలో వేగం, దిశ, బంతి తిరిగి రావడం వస్తాయి. మెట్లెక్కి దూకే ఆటకు గురుత్వాకర్షణను అనుకరించాలి, నేల మీద ఉన్నాడా గాల్లో ఉన్నాడా అన్న స్థితిని గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు మొదటిరోజే కోరేది ఈ చివరిదాన్నే. కొలరాడోలో అలెగ్జాండర్ రెపెనింగ్ బృందం ఈ సమస్యకు చూపిన దారి ఆసక్తికరం. ఢీకొనడం, పుట్టించడం, మోసుకుపోవడం, వెంబడించడం లాంటి పునరావృత నమూనాలను గుర్తించి, ఒక్కో ఆటలో కొన్నింటిని మాత్రమే ప్రవేశపెడతారు. అవే నమూనాలు తర్వాత వ్యాధి వ్యాప్తి, అడవి మంటల అనుకరణల్లో మళ్లీ పనికొస్తాయి.

డిజైన్‌కు దక్కని చోటు

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా దెబ్బతినేది డిజైన్. కోడింగ్ పాఠాలు చాలావాటిలో ఆట ముందే నిర్ణయమై ఉంటుంది, విద్యార్థి దాన్ని అమలు చేస్తాడంతే. ఆట ఎందుకు బాగుంది, ఎక్కడ విసుగొస్తోంది, కొత్తగా ఆడేవారికి ఏం చేయాలో తెలుస్తోందా అన్న ప్రశ్నలు రావు. థామస్ మలోన్ 1980ల ఆరంభంలోనే ఆటల ఆకర్షణను సవాలు, ఊహాలోకం, కుతూహలం అని విశ్లేషించారు. ఆ మూడూ నియమాల నుంచి ఎలా పుడతాయో చర్చించడానికి తరగతిలో తీరిక దొరకదు.

తెలుగు పిల్లలకు ఈ చర్చకు కావలసిన సామగ్రి ఇంట్లోనే ఉంది. పులి-మేక ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాల బలాలు వేరు, గెలిచే దారులు వేరు, అయినా పోటీ సాగుతుంది. ఒక మేకను తగ్గించి ఆడితే ఏమవుతుంది? పులి ఒక్క ఎత్తులో రెండు మేకలను చంపవచ్చంటే? వైకుంఠపాళిలో ఆడేవాడి నిర్ణయానికి చోటే లేదు, అంతా పందెందే. వామనగుంటల్లో గింజలు కళ్లెదుటే ఉంటాయి, లెక్కంతా ఆడేవారి చేతిలో ఉంటుంది. ఈ మూడింటినీ పోల్చిన విద్యార్థికి అదృష్టం, నైపుణ్యం, సమతూకం అన్న డిజైన్ భావనలు ఒక్క కంప్యూటర్ కూడా అక్కర్లేకుండా అందుతాయి. కాగితం మీద ఆట గీసి, తోటివారి చేత ఆడించి, చూసి దిద్దే అలవాటును వృత్తి డిజైనర్లు కూడా వదలరు.

ఈ దారికి ఉన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. బొమ్మలు, కథ, సంగీతం మీద మోజుతో పీరియడ్లు కరిగిపోతాయి, కోడ్ చివరి రోజుకు వాయిదా పడుతుంది. సిద్ధంగా ఉన్న బొమ్మలే వాడాలని, మొదటి రూపం గీతలూ గళ్లతోనే నడవాలని ముందే నియమం పెట్టుకోవడం చాలామంది అనుసరించే ఉపాయం.

ఆట అందరినీ పిలుస్తుందా?

ఆట అనగానే తరగతి మొత్తం ఉత్సాహపడుతుందన్నది ఒక ఊహ. కఫాయ్ పరిశీలనలోనే అబ్బాయిల ఆటల్లో మంచికీ చెడుకీ పోరు, ఓడితే హింసాత్మకమైన ముగింపు ఎక్కువగా కనిపించాయి. అమ్మాయిలు రోజువారీ చోట్లను, మెత్తని ప్రతిస్పందనను ఎంచుకున్నారు. కెయిట్లిన్ కెల్లెహర్ అలిస్‌కు కథలు చెప్పే రూపాన్ని తయారుచేసి మిడిల్ స్కూల్ బాలికల మీద పరీక్షించి, ఫలితాలను 2007లో ప్రచురించారు. మామూలు అలిస్ వాడిన జట్టుకూ, కథల జట్టుకూ భావనలు సమానంగా వచ్చాయి. రెండోది మాత్రం ప్రోగ్రామింగ్ మీద ఎక్కువ సమయం గడిపింది, విరామంలో కూడా పని కొనసాగించాలని తహతహలాడినవారు ఆ జట్టులో మూడింతలున్నారు. జిల్ డెన్నర్, లిండా వెర్నర్‌ల బృందం బాలికల చేత ఆటలే చేయించి, వారు సమర్థంగా చేయగలరని చూపింది. వీటన్నిటినుంచి గ్రహించాల్సింది, ఆట తరహాను విద్యార్థి ఎంచుకునే వీలుండాలి, కథ, పజిల్, అనుకరణ కూడా ఆట కిందే లెక్క కావాలి.

మూల్యాంకనం: పూర్తయిన ఆట దేనికి సాక్ష్యం?

ఆటలో లూప్ ఉంది కనుక విద్యార్థికి లూప్ వచ్చినట్టేనా? 2015లో స్పెయిన్ పరిశోధకులు తెచ్చిన డాక్టర్ స్క్రాచ్ అనే పనిముట్టు విద్యార్థి ప్రాజెక్టును విశ్లేషించి మార్కులు వేస్తుంది. వేల ప్రాజెక్టులను చూడడానికి అది అనువే. కానీ జీన్ సలాక్, డయానా ఫ్రాంక్లిన్ 2020లో చూపినట్టు, ప్రాజెక్టులో ఒక భావన కనిపించడానికీ విద్యార్థి దాన్ని అర్థం చేసుకోవడానికీ మధ్య ఎడం ఉంటుంది. కోడ్ తోటివాడి దగ్గర తీసుకున్నది కావచ్చు, పాఠం చూసి అలాగే పేర్చినది కావచ్చు. కారెన్ బ్రెన్నన్, రెస్నిక్ 2012లోనే విద్యార్థిని తన ప్రాజెక్టు గురించి మాట్లాడించాలని, ఇతరుల ప్రాజెక్టులో తప్పు దిద్దించాలని సూచించారు. ఇది నమ్మదగిన పద్ధతి. అరవై మంది తరగతిలో దీన్ని ఎలా నడపాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇతర చదువులకు మేలు జరుగుతుందా?

1984 నాటి నిరాశ తర్వాత ఈ ప్రశ్న మీద సాక్ష్యం పెరిగింది. రోనీ షెరర్, ఆయన సహచరులు 2019లో ఎన్నో అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. ప్రోగ్రామింగ్ నేర్వడంవల్ల సగటున మధ్యస్థమైన మేలు ఉంది. ప్రోగ్రామింగ్‌కు దగ్గరి నైపుణ్యాల్లో అది బలంగా, దూరపు నైపుణ్యాల్లో తక్కువగా కనిపించింది. సృజనాత్మక ఆలోచన, గణితం, తార్కికత కొంత లాభపడ్డాయి, భాషా సామర్థ్యంలో ఆ మేలు దాదాపు కనిపించలేదు. ఈ లెక్క ప్రోగ్రామింగ్ మొత్తానికి చెందినది. ఆట తయారీని విడిగా తీసి, మరో తరహా ప్రాజెక్టుతో సమానంగా పోల్చి చూసిన పని ఇంకా తక్కువ. ఆసక్తి పెరుగుతుందన్న సాక్ష్యం ఎక్కువ, అది ఏళ్ల తరబడి నిలుస్తుందన్న సాక్ష్యం తక్కువ.

తెలుగు నేల మీద

మన దగ్గర ఈ ప్రశ్నకు మూడు అదనపు ముడులున్నాయి.

మొదటిది భాష. సయమిందు దాస్‌గుప్తా, బెంజమిన్ మాకో హిల్ 2017లో ఐదు దేశాల స్క్రాచ్ వాడుకరుల సమాచారాన్ని పరిశీలించారు. బ్లాకుల మీది మాటలు మాతృభాషలో ఉన్నవారు, అదే దేశంలో ఇంగ్లిషులో నేర్చేవారికంటే వేగంగా కొత్త భావనలను వాడసాగారు. తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇది నేరుగా వర్తించే విషయం. పైథాన్‌లోని కీలక పదాలు ఇంగ్లిషులోనే ఉండక తప్పదు. వివరణ, చర్చ, వేరియబుళ్ల పేర్లు, పాఠ్యసామగ్రి తెలుగులో ఉండడానికి అడ్డేమీ లేదు. మంచి తెలుగు పాఠాలు రాయించడం విశ్వవిద్యాలయాలు, అకాడమీలు తలకెత్తుకోవాల్సిన పని.

రెండోది వసతి. బడుల గణాంకాలను సేకరించే యూడైస్ 2023-24 లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటర్ సౌకర్యం ఉన్న బడులు 57 శాతమే. అదే సమయంలో గ్రామీణ యువతను పరిశీలించిన 2023 అసర్ నివేదికలో 14 నుంచి 18 ఏళ్లవారిలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మొదలైన పాకెట్ కోడ్ లాంటివి ఫోన్ మీదే ఆట చేయనిస్తాయి. చిన్న తెర, అందరిదీ అయిన ఒకే ఫోన్ దీని పరిమితులు. నెట్ లేని ల్యాబ్‌లో స్క్రాచ్‌ను ముందే దించుకుని వాడుకోవచ్చు. టిమ్ బెల్, ఇయాన్ విట్టెన్, మైక్ ఫెలోస్ న్యూజీలాండ్ కేంద్రంగా పెంచిన కంప్యూటర్ లేని కంప్యూటర్ సైన్స్ పాఠాలు కూడా అందుబాటులో ఉన్నాయి.

మూడోది ఆశల భారం. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ‘ఇమేజ్’ విధానం తెచ్చింది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి సంస్థల స్టూడియోలున్నాయి. దీంతో పన్నెండేళ్ల పిల్లలకు కోడింగ్ ట్యూషన్లను ఉద్యోగాల పేరు చెప్పి అమ్మే ధోరణి పెరిగింది. బడిలో చేసే చిన్న ఆటకూ, చిత్రకారులు, సంగీతకారులు, ఇంజినీర్లు ఏళ్ల తరబడి కలిసి చేసే వాణిజ్య ఆటకూ మధ్య దూరం చాలా ఉంది. తల్లిదండ్రులకు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి.

ఇంకా తేలనివి

కృత్రిమ మేధ ఈ చర్చను మళ్లీ తెరిచింది. 2022 చివరినుంచి అందుబాటులోకి వచ్చిన సంభాషణ యంత్రాలు ఒక్క వాక్యం చెబితే చిన్న ఆట మొత్తం రాసిస్తున్నాయి. ఇక రాయడం నేర్పనక్కర్లేదని, డిజైన్ నేర్పితే చాలని ఒక వాదం. చదివి తప్పు పట్టగలిగే శక్తి లేకుంటే యంత్రం ఇచ్చిన దాన్ని సరిదిద్దలేమని మరో వాదం. చదవడం ముందు అన్న క్రమానికి ఇది బలం చేకూర్చేలా కనిపిస్తున్నా, చిన్నపిల్లల మీద దీర్ఘకాల సాక్ష్యం వచ్చేదాకా ఆగాలి. డిజైన్‌కు, కోడ్‌కు ఎంతెంత సమయం పంచాలి, ఏ వయసులో బ్లాకులు వదిలించాలి, ఆట ద్వారా వచ్చిన ఆసక్తి పై తరగతుల దాకా ఎలా నిలుస్తుంది అన్నవీ తేలనివే.

నిలబడేవి

ఇన్ని వాదాల తర్వాత గట్టిగా చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆట విద్యార్థిని రప్పిస్తుంది, అతనికి చదువు అబ్బేది మాత్రం పాఠాల క్రమంవల్ల. చదివించి, మార్పించి, ఆ తర్వాత సృష్టింపజేసే వరస స్వేచ్ఛనూ మార్గదర్శనాన్నీ కలుపుతుంది. బ్లాకులా, అక్షరాలా అన్నది వయసును బట్టి తేలే చిన్న ప్రశ్న. ఏ నైపుణ్యం ఇతర చదువులకు అందాలని కోరుతున్నామో దాన్ని పేరు పెట్టి నేర్పాలి. డిజైన్‌కు విడిగా సమయం కేటాయించాలి, అది కాగితం మీదే మొదలుకావచ్చు. పూర్తయిన ఆటకు మార్కు వేసి వదిలేయకుండా, విద్యార్థి దాన్ని వివరించగలడా అని చూడాలి.

ఈ పనులన్నీ చేయాల్సింది ఉపాధ్యాయుడు. ఇంగ్లండ్‌లో 2014 మార్పు తర్వాత మూడేళ్లకు రాయల్ సొసైటీ మళ్లీ సమీక్షించినప్పుడు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల కొరతే ప్రధాన లోపంగా తేలింది. మన రాష్ట్రాలు ట్యాబులు, ల్యాబుల మీద పెట్టే ఖర్చుకు దీటుగా ఉపాధ్యాయ శిక్షణ మీద పెట్టకపోతే అదే లోపం ఇక్కడ మరింత పెద్దగా కనిపిస్తుంది. ఆ శిక్షణలో కూడా ఉపాధ్యాయులు ముందు తామే ఒక చిన్న ఆటను చదివి, మార్చి, చేసి, తోటి ఉపాధ్యాయుల చేత ఆడించి దిద్దుకోవాలి. తాను దాటిన మెట్లనే ఉపాధ్యాయుడు విద్యార్థి చేత నమ్మకంగా దాటించగలడు. కోడింగ్ పథకం మీద నిర్ణయం తీసుకునే ఏ అధికారి అయినా, ఏ యాజమాన్యమైనా మొదట వేసుకోవాల్సిన లెక్క ఈ శిక్షణకు ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఎవరి చేత అన్నదే.